ఏటికి దారి తిరిగిచ్చిన టొరంటో

సరస్సును పూడ్చుకుంటూ పెరిగి, వాగులను పైపుల్లో దాచి, మురుగు కలిసిన నీరు తాగి జబ్బుపడి, చివరికి ఓ నదికి కొత్త గర్భం తవ్విచ్చిన కెనడా మహానగరం కథ

టొరంటో నడిబొడ్డున ఫ్రంట్ స్ట్రీట్ ఉంది. కెనడాలోకెల్లా రద్దీగా ఉండే యూనియన్ స్టేషన్ ఆ వీధిలోనే ఉంటుంది. రెండు వందల ఏళ్ల కిందట ఆ వీధి దాటితే గట్టు, గట్టు దిగితే ఒంటారియో సరస్సు. ఇప్పుడు అదే చోట నిలబడితే నీటిచుక్క కనిపించదు. రైలు పట్టాల కింద నుంచి వెళ్లి, గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాలు దాటి, బారులు తీరిన అద్దాల అపార్ట్‌మెంట్ల మధ్య నుంచి నడిస్తే పది నిమిషాలకు గానీ సరస్సు రాదు. మధ్యలో మన కాలి కింద ఉన్న నేలంతా ఒకప్పుడు నీరే.

మన వాళ్ల ఇళ్లలో టొరంటో పేరు వినిపించేది వీసాలు, కాలేజీ ఫీజులు, మంచు, ఇంటి అద్దెలు, సీఎన్ టవర్ ముందు దిగిన ఫొటోల సందర్భంలో. ఆ ఫొటోల్లో వెనక నీలంగా కనిపించే నీటికి ఆ ఊరితో ఉన్న అనుబంధం మాత్రం అంత తేలికైనది కాదు. ఊరికి ప్రాణం పోసింది ఆ నీరే, ఊరు అన్నిటికంటే ఎక్కువ అన్యాయం చేసిందీ దానికే.

ఇసుక కట్టిన రేవు

నగరానికి తూర్పున స్కార్‌బరో బ్లఫ్స్ అనే మట్టి చరియలు ఉన్నాయి. కొన్నిచోట్ల వాటి ఎత్తు 90 మీటర్లు. మంచుయుగం వదిలి వెళ్లిన ఇసుక, బంకమట్టి పొరలవి. అలలు కోస్తున్నకొద్దీ రాలుతూనే ఉంటాయి. రాలిన ఇసుకను నీటి ప్రవాహం పడమరకు ఈడ్చుకుపోయి, డాన్ నది సరస్సులో కలిసేచోట మేట వేసింది. వేల ఏళ్లకు ఆ మేట కొక్కెంలా వంగిన పొడవాటి ఇసుక దిబ్బగా మారింది. దిబ్బకు అవతల ఎంత గాలివాన చెలరేగినా ఇవతల పడవలకు భయం లేదు. మనిషి చెయ్యి పడకుండా తయారైన రేవు అది.

ఇంకా వెనక్కి వెళ్తే, దాదాపు 12 వేల ఏళ్ల కిందట, మంచు కరుగుతున్న రోజుల్లో సరస్సు ఇప్పటికంటే చాలా ఎత్తున ఉండేది. భూగర్భ శాస్త్రవేత్తలు దానికి ఇరక్వాయ్ సరస్సు అని పేరు పెట్టారు. దాని పాత గట్టు నగరం మధ్యలో నేటికీ కనిపిస్తుంది. కాసా లోమా అనే కోటలాంటి భవనం ఆ గట్టు మీదే ఉంది. గట్టు కింది అంచు వెంబడి ఆదివాసులు నడిచిన బాట ఇవాళ డావెన్‌పోర్ట్ రోడ్డు. టొరంటోలో చాలా వీధులు గళ్ల నోటుపుస్తకంలా నిటారుగా సాగితే ఈ రోడ్డు వంకర తిరగడానికి కారణం ఆ బాటే.

ఆదివాసులకు ఈ చోటు గమ్యం కాదు, మలుపు. హంబర్ నది వెంట ఉత్తరానికి నడిచి హాలండ్ నదిని, అక్కడి నుంచి సిమ్‌కో సరస్సును అందుకుంటే ఎగువ మహాసరస్సులకు అడ్డదారి దొరుకుతుంది. పడవలను భుజాల మీద మోసుకుంటూ పోయే ఈ దారిని క్యారీయింగ్ ప్లేస్ అనేవారు. 17వ శతాబ్దం రెండో సగంలో ఆ దారి మొదట్లో, హంబర్ ఒడ్డున, సెనెకా ప్రజల ఊరు తేయాయాగాన్ ఉండేది. వారి తర్వాత మిస్సిసాగా ప్రజలు స్థిరపడ్డారు. ఫ్రెంచివాళ్లు 1750లో వ్యాపారం కోసం రూయే కోట కట్టుకున్నారు, 1759లో ఇంగ్లిషువాళ్లకు చిక్కకుండా తామే తగలబెట్టి పోయారు.

ఇవాళ మిస్సిసాగా అనేది టొరంటోకు పడమర ఉన్న మరో పెద్ద నగరం. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ కుటుంబాల చిరునామాలో ఉన్నది తరిమివేతకు గురైన ఓ జాతి పేరు.

ఖాళీ కాగితం మీద సంతకాలు

1787లో బ్రిటిష్ అధికారులు మిస్సిసాగాల దగ్గర ఈ భూమిని 'కొన్నారు'. బదులుగా ఇచ్చిన సామాన్ల జాబితా చరిత్రలో మిగిలింది: 2,000 చెకుముకి రాళ్లు, 24 ఇత్తడి బిందెలు, 120 అద్దాలు, అంచు కుట్టిన టోపీలు 24, పూల ఫ్లానెల్ గుడ్డ ఓ బేలు, 96 గ్యాలన్ల రమ్ము. కొన్నేళ్లకు అధికారులు ఆ దస్తావేజు తీసి చూస్తే అందులో హద్దుల వివరాలే లేవు. ఖాళీ కాగితం. దాని మీద వేరే చీటీల మీద వేసిన నాయకుల గుర్తులు అంటించి ఉన్నాయి. అప్పటికే ఊరు లేచింది. 1805లో రెండోసారి ఒప్పందం రాసుకున్నారు. ఈసారి ఇచ్చింది 10 షిల్లింగులు. రాయించుకున్నది 2,50,830 ఎకరాలు.

మిస్సిసాగాలు ఈ మాటను మరిచిపోలేదు. తరాల తరబడి అడుగుతూ వచ్చారు. 2010లో కెనడా ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్లు చెల్లించి ఆ వివాదాన్ని పరిష్కరించుకుంది. టొరంటో పుట్టుక గురించి చదివే ప్రతి పుస్తకంలోనూ ఈ ఖాళీ కాగితం మొదటి పేజీలో ఉండాలని నా అభిప్రాయం. చాలా పుస్తకాల్లో మొదటి పేజీ గవర్నరుది.

ఆ గవర్నరు జాన్ గ్రేవ్స్ సిమ్‌కో. ఆయన అసలు ఆ వలస ప్రాంతపు రాజధానిని లోపలి ప్రాంతంలో, కెనడాలో ఇప్పటి లండన్ నగరం ఉన్నచోట పెట్టాలనుకున్నాడు. అప్పటి రాజధాని నయాగరా నది ఒడ్డున అమెరికా సరిహద్దుకు మరీ దగ్గర. తాత్కాలికంగానైనా భద్రమైన చోటు కావాలి. ఇసుక దిబ్బ కాపాడుతున్న రేవు సైనికుడి కంటికి నచ్చింది. 1793లో పది చిన్న బ్లాకుల ఊరు గీయించి యార్క్ అని పేరు పెట్టాడు. ఆయన భార్య ఎలిజబెత్ రాసుకున్న డైరీ, వేసిన నీటిరంగుల బొమ్మలు ఆ రోజుల ఒడ్డు ఎలా ఉండేదో మనకు చూపిస్తాయి.

తాత్కాలికం అనుకున్నది శాశ్వతమైంది గానీ ఊరు చాలాకాలం బురదలోనే ఉంది. 'బురద యార్క్' అనే ఎగతాళి పేరు అలా వచ్చిందే. బ్రిటన్‌తో యుద్ధంలో ఉన్న అమెరికా సైన్యం 1813 ఏప్రిల్ 27న సరస్సు మీదుగా వచ్చి పడింది. వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్ దళాలు మందుగుండు కొట్టును పేల్చేస్తే అమెరికా జనరల్ జెబులన్ పైక్ చనిపోయాడు. గెలిచినవాళ్లు పార్లమెంటు భవనాలను తగలబెట్టి వెళ్లారు. మరుసటి ఏడాది బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్‌లో వైట్‌హౌస్‌ను కాల్చినప్పుడు దీన్ని గుర్తుచేసుకున్నవాళ్లున్నారు.

1834 మార్చి 6న యార్క్ ఆ చోటికి అంతకుముందున్న టొరంటో అనే పేరును తిరిగి తీసుకుని నగరమైంది. జనాభా అప్పటికి 9,000 చిల్లర. మొదటి మేయర్ విలియం లయన్ మెకంజీ పత్రికా సంపాదకుడు. మూడేళ్లకే, 1837లో, ప్రభుత్వం మీద తిరుగుబాటు చేసి దేశం విడిచి పారిపోయాడు. ఆయన మనవడు మెకంజీ కింగ్ తర్వాత కెనడా ప్రధాని అయ్యాడు.

1847 వేసవి

టొరంటో ఏ మనుషులతో పెరిగిందో తెలియాలంటే ఒక్క ఏడాది చూస్తే చాలు. ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లి కరువు వచ్చింది. 1847లో ఓడల్లో టొరంటో రేవుకు చేరిన ఐరిష్‌వాళ్లు 38 వేలకు పైనే. అప్పటికి నగర జనాభా దాదాపు 20 వేలు. ఊరి జనానికి రెట్టింపు మంది, ఆకలితో, టైఫస్ జ్వరంతో ఒక్క వేసవిలో దిగారు. జ్వరం షెడ్లు వేశారు. 1,100 మందికి పైగా చనిపోయారు. వారికి సేవ చేస్తూ కాథలిక్ బిషప్ మైకేల్ పవర్, వైద్యుడు జార్జ్ గ్రాసెట్ కూడా అదే జబ్బుతో ప్రాణాలు వదిలారు. సరస్సు ఒడ్డున ఐర్లండ్ పార్కులో ఆ చనిపోయినవారిలో గుర్తించగలిగినవారి పేర్లు రాళ్ల సందుల్లో చెక్కి ఉన్నాయి.

తర్వాత ఈ ఊరికి వచ్చినవాళ్లంతా దాదాపు అదే దారిన నడిచారు: అద్దెకు ఇరుకు గది, ఎవరూ చేయని పని, రెండో తరానికి సొంత ఇల్లు. యూదులు, ఇటాలియన్లు, చైనీయులు నగర మధ్యలోని 'వార్డ్' అనే పేటలో మొదట తలదాచుకున్నారు. ఇప్పుడు ఆ పేట లేదు. నగరసభ ముందున్న పెద్ద మైదానం, చుట్టుపక్కల ఆస్పత్రులు దాని మీదే లేచాయి.

పూడ్చిన ఒడ్డు, కప్పేసిన వాగులు

1853లో టొరంటో నుంచి తొలి రైలు కదిలింది. పట్టాలకు సమతలమైన నేల కావాలి. ఒడ్డు అందరి కళ్లకూ ఖాళీగా కనిపించింది. గట్టు ముందు సరస్సులోకి మట్టి, చెత్త, పాత ఇటుకలు పోసి పూడ్చారు. పట్టాలు పడ్డాయి. పట్టాలకు గిడ్డంగులు, గిడ్డంగులకు కొత్త రేవులు, వాటికోసం మళ్లీ పూడిక. ఇలా ప్రతి తరం ఒడ్డును కొంత దక్షిణానికి నెట్టింది. ఊళ్లో ఉన్నవాళ్లకు సరస్సు దగ్గరకు పోవడమే కష్టమైంది.

వాగుల గతీ అంతే. గ్యారిసన్ క్రీక్, టాడిల్ క్రీక్ లాంటివి ఇళ్ల మురుగుతో కంపు కొడుతున్నాయని ఇటుక సొరంగాల్లోకి మళ్లించి పైన మట్టి కప్పారు. టాడిల్ క్రీక్ పారిన పల్లం టొరంటో విశ్వవిద్యాలయంలో ఫిలాసఫర్స్ వాక్ అనే నడకదారిగా మిగిలింది. ఆ విశ్వవిద్యాలయంలోనే 1921లో పరిశోధకులు బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ మీద పనిచేశారు. 1922 జనవరిలో టొరంటో జనరల్ ఆస్పత్రిలో తొలి రోగికి అది ఇచ్చారు. పేటెంట్‌ను విశ్వవిద్యాలయానికి నామమాత్రపు డాలరుకు అప్పగించారు. షుగరు మందులు లేని ఇల్లు అరుదైన మన ప్రాంతం ఈ నగరానికి పడిన బాకీ పెద్దది.

1858లో గాలివాన ఇసుక దిబ్బను తెంచి టొరంటో దీవులను చేసింది. దాన్నెవరూ ఆపలేకపోయారు. డాన్ నది విషయంలో మాత్రం మనిషే పూనుకున్నాడు. 1880లలో వంపులన్నీ తీసేసి దాని దిగువ భాగాన్ని కాలువలా నిటారుగా తవ్వారు. నది సరస్సును కలిసేచోట ఆష్‌బ్రిడ్జెస్ బే అనే పెద్ద చిత్తడి నేల ఉండేది. బాతులకు, చేపలకు పుట్టిల్లు. సారాయి బట్టీ పక్కన పశువుల కొట్టాల పేడ, ఊరి మురుగు అందులోకే పోయేవి. 1911లో ఏర్పడిన హార్బర్ కమిషన్ ఆ చిత్తడిని మొత్తం పూడ్చి పరిశ్రమలకు స్థలం చేయాలని తీర్మానించింది. నదిని కీటింగ్ ఛానల్ అనే కాంక్రీటు కాలువలోకి నిలువునా మడత తిప్పారు. సహజంగా వంకలు తిరిగి సరస్సులో కలిసే నది లంబకోణంలో మలుపు తిరగాల్సి వచ్చింది.

మురుగు వదిలిన సరస్సు నుంచే తాగునీరు తోడుకునేవారు. టైఫాయిడ్ ఏటా జనాన్ని తీసుకుపోయేది. 1910లో ఆరోగ్యాధికారిగా వచ్చిన డాక్టర్ ఛార్లెస్ హేస్టింగ్స్ దీన్ని సహించలేదు. నీటిలో క్లోరిన్ కలపడం, శుద్ధి చేయడం, పాలను వేడిచేసి శుద్ధి చేశాకే అమ్మాలన్న నిబంధన, పేటల్లో ఇంటింటి తనిఖీ... ఆయన కాలంలో టొరంటో ప్రజారోగ్యంలో ఉత్తర అమెరికాకు నమూనా అయింది. నగర ఫొటోగ్రాఫర్ ఆర్థర్ గాస్‌ను మురికివాడల్లోకి పంపి చిత్రాలు తీయించాడు. అంకెలు చూసి కదలని కౌన్సిలర్లు ఆ ఫొటోలు చూసి కదిలారు.

హేస్టింగ్స్ పని మొదలుపెట్టిన రోజుల్లోనే పనుల శాఖ కమిషనర్‌గా వచ్చిన ఆర్.సి. హారిస్ 1912 నుంచి 1945లో చనిపోయేదాకా ఆ కుర్చీలో ఉన్నాడు. డాన్ లోయ మీద 1918లో తెరిచిన బ్లోర్ వంతెన కింద రైలు కోసం అదనపు అంతస్తు కట్టించాడు. అప్పటికి నగరంలో మెట్రో లేదు. 1966లో మెట్రో ఆ అంతస్తులోంచే వెళ్లింది. కొత్త వంతెన కట్టాల్సిన పని తప్పింది. ఒడ్డున ఆయన పేరుతో ఉన్న నీటిశుద్ధి కేంద్రం 1941లో మొదలై నేటికీ పనిచేస్తోంది. లోపల పాలరాయి, ఇత్తడి, ఎత్తైన కిటికీలు. నీటిని శుభ్రం చేసే పనికి అంత గౌరవం ఇవ్వాలని ఓ అధికారి అనుకోవడం, దానికి నగరం డబ్బు ఇవ్వడం నాకు టొరంటో చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన సంగతి. మైకేల్ ఒండాట్జీ 1987 నాటి నవల 'ఇన్ ద స్కిన్ ఆఫ్ ఎ లయన్'లో ఈ వంతెనను, ఈ కేంద్రాన్ని కట్టిన వలస కూలీలే ప్రధాన పాత్రలు.

హేజెల్ రాత్రి

1954 అక్టోబరు 15. కరీబియన్ నుంచి బయల్దేరిన హేజెల్ తుపాను ఇంత లోపలికి వస్తుందని ఎవరూ అనుకోలేదు. అంతకుముందు వానలకే నేల నానిపోయి ఉంది. ఇంకిపోవడానికి చోటు లేక నీరంతా వాగుల్లోకి దూకింది. హంబర్ నది రాత్రికి రాత్రి ఉప్పొంగింది. నది వంపులో ఉన్న రేమోర్ డ్రైవ్ అనే వీధి మీదికి నీరు మళ్లి, ఇళ్లు పునాదులతో సహా కొట్టుకుపోయాయి. ఆ ఒక్క వీధిలోనే 35 మంది చనిపోయారు. జనాన్ని కాపాడబోయిన స్వచ్ఛంద అగ్నిమాపక సిబ్బంది ఐదుగురు నీటిపాలయ్యారు. మొత్తం మృతులు 81 మంది.

తర్వాత జరిగింది గమనించాలి. ఏ వరద తర్వాతైనా ఇళ్లు అక్కడే తిరిగి కట్టుకోవడం మామూలు. టొరంటోలో అలా జరగనివ్వలేదు. 1957లో నగరం చుట్టుపక్కల నదీ లోయలన్నిటికీ కలిపి ఓ పరిరక్షణ సంస్థ ఏర్పడింది. వరద వచ్చే భూములను ప్రభుత్వం కొనేసింది, అక్కడ ఇళ్లు కట్టడాన్ని నిషేధించింది. రేమోర్ డ్రైవ్‌లో ఇళ్లున్న చోట ఇప్పుడు పార్కు ఉంది. టొరంటో విస్తీర్ణంలో దాదాపు 17 శాతం ఇప్పటికీ చెట్లు కమ్మిన లోయలే. బిల్డర్ల కళ్లు పడకుండా అన్ని ఎకరాలు మిగిలాయంటే ప్రకృతి మీద ప్రేమ ఒక్కటే కారణం కాదు, ఆ 81 మంది చావు కూడా.

హేజెల్ వచ్చిన 1954లోనే మెట్రో రైలు యూనియన్ నుంచి ఎగ్లింటన్ దాకా మొదలైంది. చుట్టుపక్కల మున్సిపాలిటీలన్నిటినీ కలిపి మెట్రోపాలిటన్ టొరంటో ఏర్పడింది. దాని అధ్యక్షుడు ఫ్రెడరిక్ గార్డినర్ రోడ్ల మనిషి. ఆయన పేరుతో ఒడ్డు పొడవునా లేచిన ఎక్స్‌ప్రెస్‌వే నగరానికీ సరస్సుకూ మధ్య మరో గోడ అయింది. స్పడైనా ఎక్స్‌ప్రెస్‌వే కూడా అలాగే లోయలను, పేటలను కోసుకుంటూ వచ్చేది. కాలనీల వాళ్లు ఎదురు తిరిగారు. 1968లో న్యూయార్క్ నుంచి వచ్చి స్థిరపడిన, నగరాల గురించి రాసే జేన్ జేకబ్స్ వారితో కలిసింది. 1971లో ఒంటారియో రాష్ట్ర ప్రీమియర్ బిల్ డేవిస్ దాన్ని ఆపేశాడు.

మనవాళ్లకు తలుపు తెరిచిన ఏడాది

1951లో కెనడా భారతదేశానికి ఇచ్చిన వలస కోటా ఏడాదికి 150 మంది. 1957లో దాన్ని 300 చేశారు. జాతి, పుట్టిన దేశం చూడకుండా చదువు, భాష, నైపుణ్యం చూసి పాయింట్లు ఇచ్చే పద్ధతి 1967లో వచ్చాక మన ఇంజినీర్లకు, డాక్టర్లకు ఆ గడప దాటడం తేలికైంది. 1970లలో క్యూబెక్ రాజకీయాలు, భాషా చట్టం వల్ల మాంట్రియల్‌లోని పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాలు టొరంటోకు కదిలాయి. కెనడాలో అతి పెద్ద నగరం అనే స్థానం అప్పుడే చేతులు మారింది. 553 మీటర్ల సీఎన్ టవర్ 1976లో తెరుచుకుంది, అదీ రైల్వే భూమి మీదే. 2021 జనగణన నాటికి నగర జనాభా దాదాపు 28 లక్షలు, శివార్లతో కలిపి 62 లక్షలు. నగరంలో దాదాపు సగం మంది వేరే దేశంలో పుట్టినవాళ్లు.

తిరిగి వచ్చిన నది

ఈలోగా నీటి పట్ల నగరం తీరు మారుతూ వచ్చింది. 2004 నుంచి నగర మధ్యలోని ఎన్నో పెద్ద భవనాలు సరస్సు చల్లదనంతోనే చల్లబడుతున్నాయి. ఒడ్డు నుంచి 5 కిలోమీటర్ల దూరంలో, 83 మీటర్ల లోతున నీరు ఏడాది పొడవునా దాదాపు 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. పైపులు ఆ నీటిని తెస్తాయి. చల్లదనం భవనాలకిచ్చి ఆ నీరే కుళాయిల్లోకి తాగడానికి పోతుంది. అలలకు అడ్డుగోడగా 1959లో కూల్చిన భవనాల రద్దుతో మొదలుపెట్టిన లెస్లీ స్ట్రీట్ స్పిట్ కూడా ఇలాంటి మలుపే తిరిగింది. ఊహించినంత ఓడల వ్యాపారం రాలేదు, చెట్లు మొలిచాయి. 300కు పైగా పక్షి జాతులను అక్కడ చూశారు.

అసలు మార్పు డాన్ దగ్గర జరిగింది. 2013 జులై 8 వానకు ఆ లోయలో రైలు నీటిలో చిక్కుకుంటే 1,400 మంది ప్రయాణికులను పడవల్లో బయటికి తెచ్చారు. ఆ నదికి కొత్త దారి ఇవ్వడానికి 2017లో కేంద్ర, రాష్ట్ర, నగర ప్రభుత్వాలు మూడూ కలిసి 125 కోట్ల డాలర్లు ప్రకటించాయి. పూడ్చిన చిత్తడి మీద మిగిలిన చమురు మురికి నేలను తవ్వి, పది లక్షల ఘనపు మీటర్లకు పైగా మట్టి తీసి, డాన్‌కు వంపులు తిరిగే కొత్త గర్భం చేశారు. 2021లో తవ్విన చోట కొన్ని మొక్కలు వాటంతట అవే మొలిచాయి. అవి పూడ్చిన చిత్తడిలో శతాబ్దం పాటు నిద్రపోయిన గింజలవని తేలింది. వాటిని జాగ్రత్తగా తీసి, పెంచి, ఆ ఒడ్డునే నాటారు. 2024లో నది కొత్త దారిన సరస్సును కలిసింది. ఒడ్డున బీదాసిగే పార్కు 2025లో తెరుచుకుంది. నది చుట్టూ ఏర్పడిన కొత్త దీవికి ఊక్వేమిన్ మినిసింగ్ అని పేరు. రెండూ మిస్సిసాగాల భాష అయిన అనిషినాబేలోవే.

పని పూర్తయిందనుకోవడానికి లేదు. పాత పేటల్లో వాన నీరు, మురుగు ఒకే పైపులో పోతాయి. పెద్ద వాన పడితే రెండూ కలిసి డాన్‌లోకి, రేవులోకి పొర్లుతాయి. దాన్ని పట్టి నిలపడానికి నేల కింద 22 కిలోమీటర్ల సొరంగాల వ్యవస్థ తవ్వుతున్నారు. 2024 జులైలో ఒక్కరోజు వానకు డాన్ లోయ రహదారి మళ్లీ మునిగింది.

ఇంకో లెక్క కూడా మిగిలి ఉంది. 2010 నాటి ఒప్పందం నేలకు సంబంధించింది. 2016లో మిస్సిసాగాలు తమ సంప్రదాయ భూభాగంలోని నీటి మీద హక్కు తమదేనని వాదన దాఖలు చేశారు. నేల రాయించుకున్న కాగితాల్లో సరస్సును, నదులను, వాటి అడుగు నేలను తాము ఎవరికీ ఇవ్వలేదన్నది వారి మాట.